పోసీ నిద్ర

“ఉష్! పాప లేచిందంటే ఒక్కొక్కడి తోలు తీస్తా,” అంది నాయనమ్మ, రొయ్యల పళ్లెం బల్ల మీద పెడుతూ.

మా అక్క కూతురు పోసీకి ఇది తొలి క్రిస్మస్. మా దేశంలో డిసెంబరంటే నడి వేసవి; ఇరవై రెండు మందిమి మండే ఎండలో, పెరట్లో కూర్చుని చప్పుడు చెయ్యకుండా రొయ్యలు ఒలుచుకుంటున్నాం. ఏటా ఈ బల్ల దగ్గరే మునిగిపోయిన పడవ గురించి అరుచుకునే నాన్న, గ్లెన్ బాబాయ్ కూడా నోరు మెదపలేదు.

“అరవకండని ముప్పై ఏళ్లుగా మొత్తుకుంటున్నా. ఈ చంటిది వచ్చాక గానీ ఇంట్లో ప్రశాంతత దొరకలేదు,” అని గుసగుసలాడింది నాయనమ్మ.

అంతలో లోపల పోసీ గుక్కపట్టి ఏడుపు అందుకుంది. అక్క ఎత్తుకొచ్చి ఎంత ఊపినా ఆపలేదు.

“ఎవడ్రా చప్పుడు చేసింది?”

“ఎవరూ చెయ్యలేదు నాయనమ్మా, అందుకే లేచింది,” అంది అక్క. “మేముండేది కార్ల షెడ్డు పైన కదా! కింద రేకులు బాదుతుంటేనే దీనికి నిద్ర.”

నాయనమ్మ పాపని చూసింది. తలమీది క్రిస్మస్ కాగితం కిరీటం సర్దుకుని మా నాన్న వైపు తిరిగింది.

“ఒరే డెస్, నీ పడవ ముంచిందెవరో మీ తమ్ముణ్ణి అడుగు. గట్టిగా అడుగు.”