సాక్షి సంతకం

1983 వానాకాలం. పోర్టులో క్రేన్ గొలుసు తెగి, దాన్ని బిగించిన వరహాలు బరువుతో సహా సముద్రంలో పడ్డాడు. నాలుగు రోజులైనా శవం దొరకలేదు.

తెగిన గొలుసు పోర్టు పరీక్షల గదిలో, ఉక్కు బలం చూసే గవర్రాజు బల్ల మీదికొచ్చింది. యంత్రంతో మెల్లగా లాగితే ఉక్కు చక్కగా సాగింది, అంటే గొలుసు మంచిదే. "అంతే రాయి. వరహాలు సరిగా బిగించలేదని తేల్చెయ్యి," అని ఆఫీసరు వెళ్ళిపోయాడు. తెల్లారితే గొలుసు తుక్కులోకి పోతుంది.

గవర్రాజు రాయలేదు. ఆ రోజు గొలుసు మీద బరువు మెల్లగా పడలేదు, ఒక్క కుదుపున పడింది. రాత్రి ఒంటరిగా ఉండిపోయి, గొలుసులోంచి ముక్క కోసి బిగించి, వేలాడే పెద్ద సుత్తిని పైకెత్తాడు.

సుత్తి వదిలేముందు "దెబ్బ!" అని కేకెయ్యాలి. తోడున్నవాడు సుత్తి చుట్టూ ఉన్న కంచె వెనక నుంచి "కానీయ్!" అనాలి. అన్నవాడే రిపోర్టులో సాక్షి. ఎప్పుడూ క్రేన్ పని మధ్యలో వరహాలే వచ్చి తోడుండేవాడు.

అలవాటుకొద్దీ కేకేశాడు.

"కానీయ్ బావా," అంది వరహాలు గొంతు.

గవర్రాజు తిరిగి చూస్తే కంచె వెనక ఎవరూ లేరు. అయినా సుత్తి వదిలాడు. ఉక్కు సాగనేలేదు. గాజులా పుటుక్కున విరిగింది.

తప్పు గొలుసుదని రాసి సంతకం పెట్టాడు. సాక్షి గడి ఖాళీగా ఉంది.

"నువ్వే కదేటి కానీయన్నావు? వచ్చి సంతకం ఎట్టు. ఆఫీసరు నా మాట కొట్టేత్తాడు. నీ మాటెలా కొట్టేత్తాడో నానూ సూత్తాను."

కంచె తలుపు కిర్రుమంది. తడి చెప్పుల చప్పుడు బల్లదాకా వచ్చి ఆగింది.

గవర్రాజు తలెత్తలేదు. కలం మూత తీసి, బల్ల అవతలికి జరిపాడు.