రెండో గుర్తు

పేజీ మాయమైంది.

పోయింది ఏదో మూలనున్న పేజీ కూడా కాదు. ఆసుపత్రుల్లో వాడే శ్వాసయంత్రం మాన్యువల్లో ‘అలారం మోగితే ఏం చెయ్యాలి’ అనే పేజీ. తెర మీద ఎడమ పక్క మెనూ నిక్షేపంగా ఉంది. కుడి పక్క అంతా ఖాళీ.

"సాయంత్రానికి మాన్యువల్ ఆసుపత్రులకు వెళ్ళాలి. ఇదేమిటమ్మా?" అన్నాడు మేనేజరు.

"అదే చూస్తున్నా సార్," అంది ప్రోగ్రామరు పళ్ళు కొరుకుతూ.

"నీ స్క్రిప్టేమైనా తేడా చేసిందేమో..."

"నా స్క్రిప్టా?"

ఆమెకు చిర్రెత్తుకొచ్చింది. మాన్యువల్లో నాలుగు వందల పేజీలు. అన్నిటికీ ఒకటే మెనూ. అందులో ఒక్క పేరు మారినా నాలుగు వందల చోట్ల మార్చాలి. ఆమె రాసిన చిన్న ప్రోగ్రాము, ఆ స్క్రిప్టు, ఆ పనిని నిమిషంలో చేసేస్తుంది. ఆఫీసులో ఆమెకు పేరొచ్చిందే దానివల్ల.

"రెండేళ్ళుగా ఒక్క పేజీ తప్పలేదు సార్. ఇది నత్త బాబాయ్ నిర్వాకమే!"

నత్త బాబాయ్ అంటే మొన్నటిదాకా కిటికీ పక్కన కూర్చున్న పెద్దాయన. అసలు పేరు ఎవరూ అడిగిన పాపాన పోలేదు. కొత్త పేజీలు రాగానే ఒక్కొక్కటే తెరిచి, ముక్కు తెరకు ఆనించి, రెండు వేళ్ళతో ఏదో టైపు చేసేవాడు.

"కాస్త ఆగు తల్లీ. నేను చూశాక నడుపు," అనేవాడు ప్రతిసారీ.

"మీరు చూసేదేముంది బాబాయ్ గారూ? నిమిషం పని!"

"నీకు నిమిషమేలే," అని మళ్ళీ తెరలోకి దూరేవాడు.

ఆ నత్తనడక చూస్తే ఆమెకు ఒళ్ళు మండేది. పోయిన శుక్రవారం మేనేజరు దగ్గర అననే అనేసింది.

"ఆయన చేసే పనేమిటో నాకిప్పటికీ అర్థం కాలేదు సార్."

ఆ సాయంత్రం ఐదింటికే ఆయన్ని పనిలోంచి తీసేసి, లాగిన్ ఆపేశారు.

"ఇంకొక్కటి మిగిలింది తల్లీ," అన్నాడాయన వెళ్తూ వెళ్తూ. ఆమె తలెత్తలేదు. సోమవారం పొద్దున్నే ఎవరికోసమూ ఆగకుండా స్క్రిప్టు నడిపింది.

ఇప్పుడు ఆ ఖాళీ పేజీ లోపలి రాత తెరిచింది. ప్రతి పేజీలోనూ పైకి కనిపించని గుర్తులు రెండుంటాయి. ‘మెనూ మొదలు’, ‘మెనూ ముగింపు’. ఆ రెండింటి మధ్య ఉన్నది చెరిపి, స్క్రిప్టు కొత్త మెనూ పెడుతుంది. ఈ పేజీలో మొదటి గుర్తు ఉంది. రెండోది లేదు. ముగింపు ఎక్కడో తెలియక స్క్రిప్టు పేజీనంతా చెరిపేసింది.

"చూశారా! రెండో గుర్తు చెరిపేశాడు. పోతూ పోతూ నా కొంప ముంచాడు!"

"అసలు ఆ గుర్తులు ఎక్కణ్ణుంచి వస్తాయి?" అడిగాడు మేనేజరు.



రెండేళ్ళలో ఆ ప్రశ్న ఆమెకు తట్టనే లేదు. ఎప్పుడు చూసినా గుర్తులు ఉండేవి. ఇంటికి గోడలున్నట్టు పేజీకి అవీ ఉంటాయనుకుంది.

ఏ వరుస ఎవరు ఎప్పుడు రాశారో చూపే చిట్టా తెరిచింది. ఒక పేజీ చూసింది. ఇంకోటి చూసింది. పది చూసింది. ప్రతి పేజీలో రెండు గుర్తుల పక్కనా ఒకే మనిషి పేరు. ఆ పేరు ఆమె చదవడం అదే మొదటిసారి.



"నంబరుందా ఆయనది?" అన్నాడు మేనేజరు.

ఎవరి దగ్గరా లేదు.

చివరికి ఆ ఖాళీ పేజీ చిట్టా కూడా తెరిచింది: మొదటి గుర్తు పక్కన అదే పేరు, శుక్రవారం, సాయంత్రం నాలుగు గంటల యాభై తొమ్మిది నిమిషాలు.