మాట మాత్రమే

“వాన చప్పుడు పోవాలె సేటూ. మా కేసా గొంతు సాఫ్‌గ వినబడాలె. గంతే.”

సన్నే ఫోను బల్ల మీద పెట్టి, చింతపండు బుట్ట పక్కన నేల మీదే కూర్చుంది. గోపీ కుర్చీ చూపించినా కూర్చోలేదు. భేజ్జి నుంచి దోర్నపాల్ సంతకని వచ్చిన మనిషి, బేరం సగంలో వదిలేసి గోపీ మొబైల్ కొట్టు వెతుక్కుంటూ వచ్చింది.

కేసా ఆమెకు ఒక్కగానొక్క కొడుకు. పోయిన వానాకాలం జ్వరం వచ్చి పోయాడు. ఫొటో ఒక్కటి కూడా లేదు. ఇంట్లోవాళ్లు ఎప్పుడో సరదాగా ఈ ఫోనులో పట్టిన రికార్డింగు ఒక్కటే మిగిలింది.

“ఎల్లుండి వాని దినం. చుట్టాలందరొస్తరు. అందరికీ వినిపిస్త,” అంది.

గోపీ మనసు కలుక్కుమంది. గోడ మీద సీతారాముల పటం వైపు చూశాడు. పిల్లవాణ్ణి తీసుకుపోయినవాడు గొంతు మాత్రం ఎందుకు మిగిల్చినట్టు? ఇలా ఒకరి చేత శుభ్రం చేయించడానికేనేమో అనుకున్నాడు.

అతనికి ఇది సమయానికి వచ్చిన పని కూడా. మొబైల్ కొట్టు వెనక గదికి గుడ్ల అట్టలు అంటించి, జగదల్‌పూర్ నుంచి మైకు తెప్పించి రికార్డింగు గది తయారుచేశాడు. భజనలు పట్టాలి, ఇక్కడి పాటలు పట్టాలి. ఇక సాఫ్ట్‌వేర్ ఒక్కటే తేలలేదు. మూడింటిని దించుకుని, ఏది కొనాలో తెలియక తిప్పలు పడుతున్నాడు.

“నా పెళ్లికి సంబంధాలు చూసినప్పుడు మా నాన్న కూడా ఇంత నానబెట్టలేదు,” అంది భార్య దుర్గాభవాని, టీ గ్లాసులు పెడుతూ.

“అందుకే నేను దొరికాను నీకు. తొందరపడితే అంతే మరి.”

సన్నే కూడా నవ్వింది. దుర్గాభవాని ఆమె చేతికో గ్లాసు ఇచ్చింది.

గోపీ రికార్డింగును కంప్యూటర్‌లోకి ఎక్కించి హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. రేకుల మీద వాన. ఎక్కడో కోడి. తల్లి గొంతు: “కేసా!” వెంటనే పాత ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వినిపించేలాంటి గుయ్‌మనే రొద. ఆ తర్వాత పిల్లవాడి మాటలు. వాళ్ల ఇంటి భాష గోపీకి సగమే వచ్చు. వాగు, చేప అన్న మాటలు తెలిశాయి. ఎంత గలగలా మాట్లాడేవాడో పాపం!

మొదటి సాఫ్ట్‌వేర్ వానను తగ్గించింది గానీ, పిల్లవాడి గొంతును కుండలో పెట్టి మూత వేసినట్టు చేసింది.

రెండోది మేలు. వాన పూర్తిగా పోయింది. కానీ వాన పోయేసరికి ఆ గుయ్‌మనే రొద పైకి తేలింది. తల్లి పిలిచినప్పుడల్లా ముందు అదే లేస్తోంది. ఒకచోట సాగి సాగి, గమకం తిరిగినట్టు తిరిగి ఆగింది. చవక ఫోను మైకు, ఇంతకంటే ఏం పడుతుంది అనుకున్నాడు గోపీ.

“వాన పోయిందిగా,” అంది దుర్గాభవాని, హెడ్‌ఫోన్ ఓసారి తన చెవికి ఆనించుకుని. “ఆమె అడిగింది అదే కదండీ. ఓసారి విననివ్వండి, పాపం.”

“నైవేద్యం పెట్టకముందే రుచి చూపిస్తావా నువ్వు? పూర్తి కానీ.”

“ఏందమ్మా, అయిందా?” అని సన్నే లేవబోయింది.

“అవుతోందక్కా, కూర్చో. చుట్టాలు విని ఆశ్చర్యపోవాలి,” అన్నాడు గోపీ.

మూడోది ఏఐతో పనిచేసేది. మనిషి మాటను మాత్రమే ఉంచి, మాట కానిదంతా తీసేస్తుందని దాని మీద రాసి ఉంది. గోపీ బటన్ నొక్కాడు. తెర మీద గీత నిండుతూ పోయింది.

విని, కుర్చీలో వెనక్కి వాలాడు. వాన లేదు, కోడి లేదు, రొద జాడే లేదు. తల్లి పిలుపు, కాస్త నిశ్శబ్దం, ఆపైన గంట కొట్టినట్టు పిల్లవాడి మాటలు.

“ఇదే. ఇదే కొంటున్నాను భవానీ!”

సన్నే ఫోనులో జాగా లేదు. పాత రికార్డింగు తీసేసి కొత్తది పెట్టాడు. తర్వాత కంప్యూటర్‌లోని నకళ్లన్నీ చెరిపి, చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాడు. ఒకరి వస్తువు మన కొట్లో నిద్ర చేయకూడదని తండ్రి భీమశంకరం, కోంటాలో బట్టల వ్యాపారం చేసే రోజుల నుంచీ చెప్పేవాడు. గోపీ ఆ మాట ఏనాడూ దాటలేదు.

“పైసలొద్దక్కా. పిల్లవాడి పేరున చేశాను. విను.”

సన్నే ఫోనును రెండు చేతులా పట్టుకుని చెవికి ఆనించుకుంది. కళ్లు మూసుకుంది. గోపీ ఆమె ముఖమే చూస్తున్నాడు. దుర్గాభవాని కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

సన్నే మొదటినుంచి మళ్లీ పెట్టుకుంది. ఈసారి రెండో చెవికి.

“వాన పోయింది,” అంది.

“పోయింది కదా!”

“నేను పిలుస్తున్న. వాడు పలుకుతలేడు.”

గోపీ నవ్వాడు. “అదేందక్కా? అంత చక్కగా మాట్లాడుతుంటే!”

“మాట్లాడేటోడు మా మరిది కొడుకు మంగల్,” అంది సన్నే, ఫోనును మళ్లీ అతని చేతిలో పెడుతూ, “నా కేసాకు పుట్టినకాడి సంది మాటల్లేవు సేటూ, పిలిస్తే గుయ్‌మంటుండె.”