ఒంటికాలి పిట్ట

"వీడు మనిషి కాదు" అన్నాడు రామాంజినప్ప, డ్రెస్సింగ్ టేబుల్ మీది మాడిన మచ్చను ఉప్పుకాగితంతో తోముతూ. "ఇస్త్రీపెట్టె పెట్టేదానికి వీడికి ఇంట్లో ఇంకో చోటే దొరకలేదు."

మేఘన నవ్వింది. కె.ఆర్.పురంలో ఆమెకో రేకుల షెడ్డు ఉంది. పాత సామాను తెచ్చుకున్నవాళ్ళకు రంగులు వేయడం, షీటు మీది అంటింపు బొమ్మలను చెక్క మీదికి దింపడం నేర్పుతుంది. వచ్చేవాళ్ళంతా ఆడవాళ్ళే. వాళ్ళ మధ్య అరవై ఆరేళ్ళ మనిషి పీట మీద కూర్చుని బ్రష్ పట్టడం అదే మొదలు. మీసానికి తెల్లరంగు అంటినా ఎవరికీ తెలియని వయసు, అదొక్కటే నయం.

"ఎవరు అంకల్, వీడంటే?"

"దీన్ని ముందు ఇంట్లో పెట్టుకున్నోడు. ఈ పక్క చూడు. చొక్కా తగిలించేదానికి మేకు కొట్టినాడు. టేకుచెక్కకు మేకు కొట్టేవాణ్ణి ఏమనాల?"

ఆ టేబుల్ కోసం రామాంజినప్ప నాలుగు నెలలు తిరిగాడు. ఊళ్ళో పాత సామాన్ల అంగళ్ళు ఒక్కటీ వదల్లేదు. చివరికి అత్తిబెలెలో, విరిగిన మంచాల వెనక దొరికింది. ఇంతకన్నా మంచివి ఉన్నాయని అంగడివాడు మొత్తుకున్నాడు. తన దగ్గరున్న బొమ్మలకు ఇదే సరిపోతుందని చెప్పి, ఆటో మాట్లాడుకుని తెచ్చేశాడు.

ఆ బొమ్మలు భార్య మునివెంకటమ్మవి. చిక్కపేటలో కొని, బియ్యం డబ్బా వెనక దాచిపెట్టుకుంది. ఆమె పోయాకగాని అతని కంటబడలేదు. ఒకే షీటు. నాలుగు నీలం పిట్టలు, సొరుగుకొకటి. వచ్చే ఆదివారం ఆమె సంవత్సరీకం. ఆ రోజుకు టేబుల్ సిద్ధమై, ఆమె పటం కింద ఉండాలి.

"ముందే చెప్తున్నా అంకల్" అంది మేఘన. "షీటు పాతది. జిగురు ఎండిపోయి ఉంటే బొమ్మ చెక్కకు దిగదు. ఈ డిజైన్ ఇప్పుడు మార్కెట్లో లేదు. చెడిపోతే ఇంకోటి దొరకదు."

"తెలుసు తల్లీ."

మొదటి రోజే ఆమె అద్దానికి రంగు అంటకుండా పాత పేపరు కప్పి, చుట్టూ టేపు వేసింది. కప్పేముందు, అద్దం అంచున అంటుకుని ఉన్న బొట్టుబిళ్ళలను గోటితో గీకబోయింది.

"ఉండనీ" అన్నాడు రామాంజినప్ప.

"ఎవరివో అంకల్."

"ఎవరివైతేనేమి. అవేమన్నా వాడు కొట్టిన మేకులా."

శుక్రవారానికి రెండో కోటు ఆరింది. మేఘన షీటును నాలుగు ముక్కలు చేసి, ఒకటి సొరుగు మీద పెట్టి చూసింది. నూలుపోగంత తేడా లేదు.

"అబ్బ, కొలిచి కొన్నట్టుంది."

"ఆమె ఏది కొన్నా అట్లే."

వెనక కాగితం ఒలిచి, బొమ్మను సొరుగు మీద పరిచి, ఐస్‌క్రీం పుల్లతో రుద్దాలి. పై పొర లేపితే బొమ్మ చెక్క మీదే ఉండిపోవాలి. మొదటి పిట్ట దిగింది. రెండోదీ దిగింది. రామాంజినప్పకు ఊపిరాడింది. నోరు కూడా లేచింది.

"వాడి పెండ్లాము గూడా అడిగుంటాది, రంగేసి పిట్టలు పెట్టుకుందామని. బొమ్మలు లారీలకేస్తారు, మనము లారీవాళ్ళమా అనుంటాడు. ఇంక ఆయమ్మ నోరెత్తుంటాదా?"

"మీకెట్ల తెలుసు?"

"మేకు కొట్టేవాడు ఇంకేమంటాడు?"

"మరి ఎందుకు అమ్మేసినాడు?"

"టీవీకి అడ్డమని. పెద్ద టీవీ. వార్తలు చూసి దేశాన్ని ఉద్ధరించల్ల గదా. సొరుగులో దువ్వెన ఉండాదేమో అని గూడా చూడకుండా బండికెత్తినాడు, మొద్దు నా కొడుకు."

"పాపం, తిట్టకండి అంకల్. ఆయనకేం కష్టమొచ్చిందో."

"వాడికి కష్టమా? తినేది, పడుకునేది. అంతే వాడికి తెలిసింది."

మూడో పిట్ట దిగింది. నాలుగోది మొరాయించింది. పొర లేపితే ఒక కాలు దానితోపాటే వచ్చేసింది. రామాంజినప్ప మళ్ళీ పరిచాడు. పుల్లతో రుద్దాడు. గోటితో రుద్దాడు. అరచేయి వేడి తగిలితే దిగుతుందేమోనని పావుగంట అదిమి పట్టుకుని కూర్చున్నాడు. తీసి చూస్తే కాలు పొడిపొడిగా రాలిపోయింది.

ఆ పొడిని అతను ఊదలేదు. వేలితో తీసి జేబురుమాల్లో పెట్టుకున్నాడు.

"సన్న బ్రష్‌తో గీసేస్తా అంకల్. ఎవరికీ తెలీదు" అంది మేఘన.

"వద్దు. ఒంటికాలితోనే ఉండనీ. నాకూ ఒక మోకాలే పని చేస్తా ఉండాది. జిగురు పచ్చిగా ఉన్నప్పుడు దించుంటే దిగుండేది. అప్పుడు వీలు పడలేదు."

మేఘన రెండడుగులు వెనక్కి వేసి చూసింది. లేత పసుపు మీద నీలం పిట్టలు. మాడిన మచ్చ లేదు. మేకు రంధ్రం లేదు. కొత్త పెళ్ళికూతురి గదిలోకి పోవలసిన సామానులా ఉంది.

"అంకల్, ఆ అత్తిబెలె అంగట్లో అడిగితే ఆయన అడ్రస్ దొరకదా? ఒక ఫోటో తీసి పంపిద్దాం. చూసి ఏడుస్తాడు."

"ఏడవనీ."

"అసలు ఎక్కడుంటాడో."

రామాంజినప్ప మోకాలు పట్టుకుని లేచి, అద్దానికి కప్పిన పేపరును ఒక్క గుంజు గుంజి, బొట్టుబిళ్ళల మధ్య కనబడిన తెల్లమీసాల ముసలాడికి వేలు చూపించి, "ఇడుగో" అన్నాడు.