వసూలుకు పనికిరాని దినం

జీపు దిగీ దిగకముందే శ్రీరంగప్పకు ఏడుపులు వినిపించాయి.

"మళ్ళీనా," అన్నాడు.

అది కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లె. రెండేళ్ళుగా వేరుశనగ పండలేదు. మారెక్క తీసుకున్న అప్పు కంతులు ఆగిపోయాయి. ఆమె గొర్రెలను అమ్మించైనా వసూలు చేయాలని అప్పుల కంపెనీ మేనేజరు శ్రీరంగప్ప రావడం ఇది మూడోసారి. మొదటిసారి వస్తే ఊళ్ళో దేవర జాతర. రెండోసారి పెళ్ళి, భోంచేసి పోయాడు. ఇప్పుడు వాకిట్లో మారెక్క మామ తిమ్మప్ప తెల్లగుడ్డ కింద, మెడలో బంతిపూల దండతో పడుకొని ఉన్నాడు.

వెనక సీట్లోంచి లాయరు కృపాకుమారి దిగింది. కంపెనీకి రిజర్వు బ్యాంకు నిబంధనల సంగతంతా చూసేది ఆమే. ఒకసారి జరిమానా పడ్డాక, ఆమె లేకుండా ఏ జీపూ వసూలుకు కదలకూడదని హెడ్డాఫీసు ఉత్తర్వు.

"చెప్పులు విడవండి సార్," అంది. "పండగ, శుభకార్యం, చావు. ఈ దినాలు వసూలుకు పనికిరావు."

"మనం వచ్చే దినమే వీళ్ళకు అన్నీ పడతాండాయి. ఎట్ల తెలుస్తాది మేడమ్?"

"మన జీపు దుమ్ము రెండు మైళ్ళ నుంచి కనపడతాది సార్."

మారెక్క గుండెలు బాదుకుంటూ వచ్చింది. "చూడు సారూ, మా మామ మమ్మల్ని ఇడిసిపెట్టి పోయినాడు."

"నిన్న సంతలో బీడీ తాగుతాండె గదమ్మా?"

"అదే ఆఖరి బీడీ సారూ."

శ్రీరంగప్ప వంగి చూశాడు. ఈగ ఒకటి తిమ్మప్ప ముక్కు మీద వాలింది. ముక్కు కదిలింది. ఈగ లేచిపోయింది.

"మేడమ్, శవం కదిలినాది."

కృపాకుమారి ఫైలు తెరిచింది. "'విషాద సమయం' అని మాత్రమే రాసినారు సార్. శవం కదలకూడదని యాడా లేదు. ఇంట్లోవాళ్ళు ఏడుస్తాండారా లేదా, అంతే మనం చూడాల్సింది."

ఏడుపులు జోరందుకున్నాయి.

"గుడ్డ తీసి చూస్తా."

"తీస్తే వేధింపు కిందికి వస్తాది. ఫిర్యాదు పోతే కంపెనీ లైసెన్సు పోతాది. కారణం కింద నేను మీ పేరే రాయాల్సి వస్తాది."

శ్రీరంగప్ప చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. దొడ్లో గొర్రెలు అరిచాయి. వాటివైపు ఒకసారి ఆశగా చూసి, ఎవరో చేతికిచ్చిన దండ శవం మీద వేసి, దండం పెట్టి, చెప్పులు వెతుక్కున్నాడు.

"రండి మేడమ్, పోదాం."

"మీరు కూర్చోండి సార్. పెద్దాయన కోసం ఒక్క నిమిషం ప్రార్థన చేసి వస్తా."

జీపు తలుపు పడిన చప్పుడైంది. కృపాకుమారి శవం పక్కన మోకరించింది. చేతులు జోడించి, కళ్ళు మూసుకొని, తిమ్మప్ప చెవి దగ్గరికి వంగింది.

"తాతా, సోమారం మళ్ళీ వస్తాండాం, చావు నీకు చాతకాదు గాని ఈ తూరికి సీమంతం పెట్టించు."