బొట్టు కింద అక్షరాలు

"పూజ చేసి వారం కాలేదు, బొట్టు తుడిచేస్తావేంటమ్మా?" వరండాలోంచి చెంచురామయ్య కోడలి మీద కేకేశాడు.

"బండి ఒళ్లంతా బొట్లే మామయ్యా. ఒక్కటి తగ్గితే దేవుడేమీ అనుకోడు," అంటూ కోటేశ్వరి, పొలం దారుల్లో తిరగడానికి మోటారు సైకిలు లాంటి సీటూ హ్యాండిలూ ఉన్న నాలుగు చక్రాల కొత్త బండిని తడిగుడ్డతో రుద్దింది. రోజూ మిర్చి చేను చూడనిదే ముద్ద దిగని మామగారు, మోకాళ్లు అరిగాక కొన్న బండి అది. తోలేది ఆమె కొడుకు, పదకొండేళ్ల చైతన్యకృష్ణ. వెనక కూర్చునేది తాతయ్య.

పసుపు కింద ఇంగ్లీషు అక్షరాలు తేలాయి. ఆమె తెలుగులో చదివి వినిపించింది. "పదహారేళ్లలోపు పిల్లలు నడపకూడదు. హెల్మెట్ లేకుండా ఎక్కకూడదు. వెనక ఎవరినీ ఎక్కించుకోకూడదు."

"అదంతా రోడ్డు మీద తిరిగేవాళ్లకి. మనది డొంక దారి. వీడు బ్రహ్మాండంగా తోలుతున్నాడు."

"నిన్న కాలవ కట్ట మీద ఒక పక్క చక్రాలు గాల్లోకి లేచినయ్యమ్మా!" అన్నాడు చైతన్యకృష్ణ సంబరంగా. "తాతయ్య ఇటు ఒరిగితే మళ్లీ దిగినయ్."

కోటేశ్వరి మామగారి వైపు చూసింది. ఆయన తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయన పప్పన్నం చాలాసేపు కలిపాడు.

"నీకెన్నేళ్లమ్మా?"

"ముప్పై నాలుగు మామయ్యా."

"సరిపోద్ది. హెల్మెట్ కొనుక్కో. ఇకనుంచి బండి నువ్వే తోలు."

"మరి మీరు?"

"వెనక ఎక్కించుకోకూడదన్నావుగా. చేనెట్టా ఉందో నువ్వే చూసొచ్చి చెప్పు. పైపైన చూసి రాబాక. పురుగు అడుగునే ఉంటది, ఆకు తిప్పి చూడాలి."