ఎర్రబురద పూలు

"ఎవర్నడిగి పెట్టారివి? దించండి ముందు!"

పెద్దావిడ దోనా జుల్మీరా అరుపుకి యూనివర్సిటీ వరండాలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. గోడ పొడుగునా గులాబీల్లా, చామంతుల్లా విచ్చుకున్న ఎర్రటి బొమ్మలు. అవి పూలు కావు. గని వ్యర్థాలు నిలవ ఉంచే డ్యాము తెగి ఊరిని ముంచిన బురదలోని ఇనుప రేణువులను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో ఫోటో తీసి రంగులద్దారు. ఆ బురద జుల్మీరా కొడుకు ఎదిల్సన్‌ని డ్యూటీలో ఉండగానే మింగేసింది. ఇంతవరకూ అతని జాడే దొరకలేదు. మళ్ళీ వెతకమని బెలో ఒరిజోంచి నగరంలో అర్జీ ఇచ్చి, తిరిగి బస్సెక్కబోతూ యూనివర్సిటీ గేటు దగ్గర పోస్టరు చూసి ఆవిడ లోపలికొచ్చింది.

ఆ బొమ్మలకి రంగులద్దిన విద్యార్థిని ఇరాసి పరుగెత్తుకొచ్చింది. "క్షమించండమ్మా. ఆర్ట్ చదివేవాళ్ళం, నానోటెక్నాలజీ వాళ్ళు కలిసి చేశాం. అంత ఘోరం చేసిన బురదలో కూడా ఏదో అందం ఉందని..."

"అందమా! మా వాడు అందులోనే ఉన్నాడే తల్లీ. నీకది తోట. నాకు వాడి సమాధి."

ఇరాసికి కళ్ళనీళ్ళు తిరిగాయి. మొదటి బొమ్మ దించబోయింది. జుల్మీరా ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. బొమ్మకి మొహం ఆనించి మరీ చూసింది.

"ఈ పువ్వు అసలు ఎంతుంటుంది?"

"కంటికి ఆనదమ్మా. వెంట్రుక మందంలో ఇలాంటివి వంద పడతాయి."

"అమ్మా మరియమ్మా! అంత చిన్నవి కూడా కనబడతాయా? ఎవరే ఆ మిషను నడిపేది?"

"ఎవాండ్రో అని, మా జట్టువాడే. బొమ్మలు తీయడం ఎప్పుడో అయిపోయింది, అయినా మిషను వదలడు. సెలవురోజుల్లోనూ దాని ముందే. ప్రొఫెసరు తిట్టినా దులిపేసుకుంటాడు. దాన్నే పెళ్ళి చేసుకుంటావేమిట్రా అని ఏడిపిస్తుంటాం."

ఇరాసి ఆవిడని తీసుకెళ్ళిన లోపలి గదిలో ఎవాండ్రో తెర ముందు కూర్చుని ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పక్కన కాఫీ చల్లారిపోయింది, జున్ను రొట్టె ముట్టుకోనే లేదు. జుల్మీరా తన సంచిలోంచి ఓ గుడ్డమూట తీసి అతని బల్ల మీద పెట్టింది. కొడుకు పనిచేసిన షెడ్డు ఉండే చోట తవ్వి తెచ్చుకున్న మట్టి అది. ఎక్కడికెళ్ళినా ఆవిడ వెంటే ఉంటుంది.

"వెతుకు నాయనా."

"దేన్నమ్మా?"

"మా వాణ్ణి. ఫైరింజన్ వాళ్ళు పోయిన వారం వెతకడం ఆపేశారు, ఇంక వాళ్ళ వల్ల కాదట. మొదట్లో మనుషులు దొరికేవాళ్ళు. తర్వాత కాళ్ళూ చేతులూ. చివర్లో గోరంత ఎముక దొరికినా పరీక్ష చేసి, పేరు తేల్చి, ఇంటికి పంపారు. మా పక్కింటి లిందౌరా అగ్గిపెట్టెలో పట్టే ముక్కని ఆరడుగుల పెట్టెలో పెట్టి పాతుకుంది. అదృష్టవంతురాలు. అంతకన్నా చిన్నది చూడగలిగేది ఇప్పుడు నువ్వే కదా? ఎంత చిన్నదైనా చాలు నాయనా. నాకు పాతుకోవడానికి ఏదో ఒకటి కావాలి."

ఇరాసి మొహం పక్కకి తిప్పుకుంది. ఎవాండ్రో మాత్రం పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు.

"అది జరిగే పని కాదమ్మా. ఇది ఒకసారికి సూదిమొన మీద నిలిచేంత మట్టినే చూస్తుంది. ఈ మూటంతా చూడాలంటే మీ జీవితం, నా జీవితం కలిపినా చాలవు. ఒకవేళ కనబడినా, అంత చిన్నదయ్యాక అది ఎముకో రాయో, ఎవరిదో, చెప్పడం ఎవరి తరమూ కాదు. ఊరికే ఆశ పెట్టుకోకండి."

"బాగా తెలిసే చెబుతున్నావా?"

"నాకంటే బాగా ఎవరికీ తెలీదమ్మా."

"రాతిగుండెరా నీది," ఇరాసి పళ్ళు నూరింది. "కాస్త మెత్తగా చెబితే నీ సొమ్మేం పోయింది?"

జుల్మీరా మూట తీసుకుంది. తలుపు దాకా వెళ్ళి, మనసొప్పక వెనక్కి తిరిగింది. ఎవాండ్రో అప్పటికే తెర వైపు తిరిగిపోయాడు. తెర మీద బూడిదరంగు రేణువులు ఒకటొకటిగా జరుగుతున్నాయి. ఒక్కో దాని దగ్గరా ఆగి, పరికించి చూసి, ముందుకు వెళ్తున్నాడు.

"బొమ్మలన్నీ అయిపోయాయటగా," అందావిడ. "మరి నువ్వేం చూస్తున్నావు నాయనా, సెలవురోజుల్లో కూడా?"

అతని చెయ్యి ఆగిపోయింది. లేచి వచ్చి, ఆవిడ చేతిలోంచి మూట మెల్లిగా అందుకున్నాడు. గోడ అరలో అలాంటిదే, రంగు వెలిసిన మరో మూట ఉంది. దాని వెనకాల జాగ్రత్తగా పెట్టాడు.

"ఆలస్యమవుతుందమ్మా," అన్నాడు. "మా నాన్న తర్వాత మీ వాడే."